పొట్టు తీసిన భోజనం

మూడో గింజ నోట్లో వేసుకోగానే కొరియర్ చెయ్యి గొంతు మీదికి పోయింది.

పట్టపగలు. కిటకిటలాడుతున్న హోటల్. అతని ముందు వేయించిన వేరుశెనగల పళ్ళెం. పళ్ళు వచ్చినప్పటి నుంచీ వేరుశెనగలు తింటున్న మనిషి. రహస్య పత్రాలు మరిచిపోయి రైలెక్కాడేమో గానీ, జేబులో వేరుశెనగలు లేకుండా ఏనాడూ ఎక్కలేదని డిపార్ట్‌మెంట్‌లో అందరూ ఆటపట్టించేవాళ్ళు. అలాంటివాడి పెదాలు చూస్తుండగానే ఉబ్బిపోయాయి. మెడంతా ఎర్రటి దద్దుర్లు. ఊపిరి ఈలలా మొదలై, సన్నబడి, ఆగిపోయింది. సర్వర్ మంచినీళ్ళ గ్లాసుతో పరుగెత్తుకొచ్చేసరికి కొరియర్ కుర్చీతో సహా వెనక్కి విరుచుకుపడి ఉన్నాడు.

పక్క టేబుల్ దగ్గర పేపర్ చదువుతున్న పెద్దమనిషి ఒకడు ఆ పేపర్‌ని నీటుగా మడిచి, చంకలో పెట్టుకుని, మూగిన జనాన్ని తప్పించుకుంటూ బయటికి నడిచాడు.

"పోస్ట్‌మార్టమ్‌లో విషం లేదు," అన్నాడు బాస్ మర్నాడు. "సూది గుచ్చిన గుర్తు లేదు. పళ్ళెంలో గింజలు ల్యాబ్‌వాళ్ళు పరీక్ష చేసి, మిగిలినవి తినేశారు కూడా. మామూలు వేరుశెనగలు."

"మరి హత్య అని ఎందుకంటున్నారు సార్?"

అడిగినవాడు ఏజెంట్ తొండ. ఎక్కడికి పంపితే అక్కడి రంగులోకి మారిపోతాడని కుర్రతనంలో ఎవరో పెట్టిన పేరు. అప్పట్లో అది మెచ్చుకోలు. ఇప్పుడు నడివయసు వచ్చి, పొట్ట వచ్చి, ప్రమోషన్ మాత్రం రాక, ఆ పేరు వింటే తిట్టినట్టే ఉంటోంది. చదువుకున్నవాళ్ళు ఏసీ గదుల్లో కూర్చుని మ్యాపు మీద ఎర్ర చుక్క పెడతారు. ఆ చుక్క దగ్గరికి తొండ వెళ్తాడు. తిరిగొస్తే వాళ్ళకి మెడల్. రాకపోతే ఇంకో తొండ.

బాస్ ఒక కాగితం ముందుకు తోశాడు. దేశాల రహస్యాలు దొంగిలించి అమ్ముకునే విదేశీ ముఠా ఒకటుంది. పేరు వలయం. కొరియర్ చచ్చిన కాసేపటికే వాళ్ళ రేడియోలో మన వాళ్ళు పట్టుకున్న మెసేజ్ అది.

టెస్ట్ పాసైంది. ఇక తలుపు లోపల్నుంచే తెరుచుకుంటుంది.

"ఏ తలుపు సార్?"

"మీ బావ ఉన్న తలుపు."

తొండ ఎడం చెవి గోక్కున్నాడు.

బావ అంటే తొండ అక్క మొగుడు. కోడ్ కట్టడంలో దేశంలో అతన్ని మించినవాడు లేడు. ఎంబసీలన్నిటికీ కొత్త కోడ్ తయారుచేయమని, అతన్నీ ఇద్దరు అసిస్టెంట్లనీ ఒక సర్కారీ బిల్డింగ్ సెల్లార్‌లో పెట్టి బయట తాళం వేశారు. ఆ శాఖలో ఇది పాత ఆనవాయితీ. కోడ్ పూర్తయ్యేదాకా లోపలివాళ్ళు బయటికి రాకూడదు. భోజనం గోడలోని తిరుగుడు పెట్టె లోంచి వెళ్తుంది. గేటుకి ఒకే ఒక్క ఫోన్ లైను. మినహాయింపు ఒక్కటే: లోపల ఎవరికైనా ప్రాణం మీదికొచ్చి ఫోన్ చేస్తే, తలుపు తీసి, స్ట్రెచర్లు పంపి, అందర్నీ ఆస్పత్రికి తరలించాలి.

"లోపలి ఏసీ పాడైంది. అంటే, మనమే పాడుచేశాం," అన్నాడు బాస్. "మెకానిక్‌గా వెళ్తావు. వెళ్ళినవాడు మళ్ళీ బయటికి రావడానికి రూల్ ఒప్పుకోదు కనక, కోడ్ అయ్యేదాకా అక్కడే ఉంటావు. లోపల మనకో మనిషి ఉంది. డైటీషియన్. కోడ్ నేమ్ మీగడ. వలయంలోకి మనం దూర్చిన ఏజెంట్. వాళ్ళేమో తమ మనిషే అనుకుంటున్నారు. ఆమెని నమ్మొచ్చు."

"అయితే ఈ తలుపు సంగతి ఆమెనే అడగొచ్చుగా?"

"అడిగాం. తనకేం తెలీదంది."

"అయినా నమ్మొచ్చంటారు."

బాస్ డ్రాయర్ తెరిచి, కరెంటు పనివాళ్ళు వాడే టెస్టర్ ఒకటి టేబుల్ మీద పెట్టాడు. "పిడి తిప్పితే సూది వస్తుంది. ఒక్క గుచ్చు చాలు. తలుపు తెరుచుకుని, మీ బావ వాళ్ళ చేతుల్లో పడేలా ఉంటే... కోడ్ అంతా అతని బుర్రలోనే ఉంది. ఆ బుర్ర వాళ్ళకి దక్కకూడదు."

"సార్, ఆయన మా అక్క మొగుడు."

"తెలుసు. అందుకే, అవసరం పడి వేషం తీస్తే, నిన్ను దగ్గరికి రానిస్తాడు."

వెళ్ళేముందు తొండ అక్క ఇంటికి వెళ్ళాడు. తమ్ముడు నీళ్ళ మోటర్లు అమ్ముతాడని ఆవిడ నమ్మకం. ఆ నమ్మకంతోనే ఇన్నేళ్ళూ తిట్టింది.

"మీ బావ కబురూ లేదు కాకరకాయా లేదు," అంది బట్టలు మడతపెడుతూ. మొగుడి చొక్కాలు కూడా మడతపెడుతోంది, ఉతికినవి మళ్ళీ ఉతికి. "ఆఫీసుకి పోతే ట్రైనింగ్ అంటారు. ఎక్కడో చెప్పరు. నువ్వు ఊళ్ళన్నీ తిరుగుతావు కదరా, ఎక్కడన్నా కనబడితే చెవి పట్టుకుని లాక్కురా."

"తీసుకొస్తానక్కా," అన్నాడు తొండ. చొక్కా జేబులో టెస్టర్ గుచ్చుకుంటోంది.

మేకప్‌మ్యాన్ అరపూట కష్టపడి తొండకి నెరిసిన మీసం, బట్టతల, ఒక కాలు ఈడ్చే నడక తగిలించాడు. దవడ పన్నులో ట్రాన్స్‌మిటర్ అమర్చారు. గేటు దగ్గర గార్డు కోడ్ వర్డ్ అడిగాడు.

"కంప్రెసర్ వేడెక్కిందా?"

"గాలి సరిపోక అలిగింది."

బూట్లు విప్పించారు, బెల్టు తీయించారు, టూల్ బ్యాగ్ దులిపించారు. టెస్టర్‌ని ఎవరూ రెండోసారి చూడలేదు. అడుగు మందం ఇనుప తలుపు వెనక మూసుకుంది. బయట గడియలు ఒకదాని తర్వాత ఒకటి పడ్డాయి. పన్ను నొక్కి చూశాడు. గుయ్యిమనలేదు. సెల్లార్ గోడలు దాటి సిగ్నల్ పోదని, దాన్ని తయారుచేసిన డిగ్రీవాళ్ళకి తట్టలేదు.

ఎదురుగా బావ, చేతిలో కాఫీ కప్పు. ఇద్దరు అసిస్టెంట్లు, పొడుగాయన ఒకరు, పొట్టాయన ఒకరు, చదరంగం ఆడుకుంటున్నారు. బావ కొత్త మెకానిక్‌ని కిందినుంచి పైకి చూశాడు. ఏసీ చూపిస్తానని వరండాలోకి తీసుకెళ్ళాడు. అక్కడ చెవి దగ్గర నోరు పెట్టి, "ఏరా బామ్మర్దీ, నీళ్ళ మోటర్లు మానేశావా?" అన్నాడు.

తొండ మీసం తడుముకున్నాడు. "ఎలా తెలిసింది బావా?"

"మీసం మార్చావు, జుట్టు మార్చావు. భయమేసినప్పుడు ఎడం చెవి గోక్కుంటావు చూడు, అది మార్చలేదు. మా పెళ్ళి వీడియో నిండా అదే." గొంతు తగ్గించాడు. "మీ అక్క ఎలా ఉంది?"

"నీ చొక్కాలు ఉతుకుతోంది."

బావ ఒంటిమీది చొక్కా ముడతలు చేత్తో సవరించుకున్నాడు. ఇంకేం అడగలేదు. తొండ కూడా ఎందుకొచ్చాడో చెప్పలేదు.

తర్వాత రోజులు రోజుల్లా గడవలేదు. సెల్లార్‌లో పొద్దు లేదు, పొద్దుగూకడం లేదు. ట్యూబ్‌లైట్ వేస్తే పగలు, తీస్తే రాత్రి. నాలుగు గదులు, ఒక వరండా, ఒక బాత్‌రూమ్. కోడ్ గదిలోకి బావకీ అసిస్టెంట్లకీ తప్ప ఎవరికీ ప్రవేశం లేదు. మెకానిక్‌కి లేదు, డైటీషియన్‌కి అసలే లేదు. వరండా చివర ఏసీ గాలి గొట్టం. వారానికోసారి నూనె వేసే వంకతో తొండ ఫ్యాన్ ఆపేవాడు. ఫ్యాన్ ఆగితే గొట్టంలోంచి గేటు దగ్గరి చప్పుళ్ళు వినబడేవి. స్కూటర్ హారన్, ఎవరో ఎవర్నో తిట్టడం, ఒకసారి వాన. ఆ వాన కోసం అతను నూనె చుక్కా చుక్కా వేస్తూ చాలాసేపు నిలబడ్డాడు. ఎండాకాలంలో వచ్చినవాడు, వానలు వెలిసినా ఇంకా లోపలే.

తిండి సంగతి వేరే చెప్పాలి. తెల్ల బ్రెడ్డు, అంచులు కోసేసి. వడకట్టిన సూపు. తొక్కతీసి, మెదిపి, మళ్ళీ జల్లెడ పట్టిన బంగాళాదుంప. గింజలు తీసిన పళ్ళ రసం. జున్ను, కస్టర్డు. నమలడానికి ఒక్క ముక్క లేదు. ఇదంతా భద్రతా శాఖ సర్క్యులర్. తొక్కలో, గింజలో, పొట్టులో మైక్రోఫోన్ దాచవచ్చు కాబట్టి, లోపలికి పోయే ప్రతి ముద్దా సన్న జల్లెడలోంచి దిగాలని పైవాళ్ళు తీర్మానించారు. ఆ ఐడియా ఇచ్చింది మీగడ. భేష్ అని చప్పట్లు కొట్టింది పెద్ద ఆఫీసర్లు.

మీగడ ఆ సెల్లార్‌కి సరిపడని మనిషి. తెల్లకోటు కింద పట్టు చీర, ఎర్రటి లిప్‌స్టిక్, నడిచిపోయాక కూడా కాసేపు గాల్లో నిలబడే అత్తరు. ఏసీ గాలికి గొంతు పాడవుతుందని అప్పుడప్పుడూ అందరికీ యాంటీబయాటిక్ మాత్రలు ఇచ్చేది. చేతులు పొడిబారుతున్నాయని చిన్న చిన్న సీసాల్లో క్రీమ్ పంచేది. తొండ అరచేతుల్లో స్పానర్ పట్టుకుని పగిలిన పగుళ్ళు. వాటిలోకి ఆ క్రీమ్ దండిగా రుద్దుకునేవాడు.

"మన మనిషినే," అని మొదట్లోనే చెవిలో చెప్పింది. "మీరు కంగారు పడకండి. నా కళ్ళు అన్నిటి మీదా ఉన్నాయి."

ఆ కళ్ళు అందమైనవి. నమ్మడం సులువు.

తొండకి ఒంట్లోనే ఒక తాళం పడింది. పొద్దున్నే బాత్‌రూమ్‌లోకి వెళ్ళడం, చెమటలు కక్కుకుంటూ ఉత్త చేతుల్తో బయటికి రావడం. బావేమో కూనిరాగం తీసుకుంటూ వెళ్ళి, రాగం పూర్తవకముందే వచ్చేసేవాడు. పొడుగాయనా అంతే, పొట్టాయనా అంతే.

"ఏరా, సర్కారు నీ పొట్టకి కూడా సీలు వేసిందా?" అని బావ నవ్వేవాడు.

"నీకేం బావా. టెన్షన్ లేని బతుకు."

"టెన్షన్ నాకు లేదు, నీకుందా! మెకానిక్‌వి నీకెందుకురా?"

తొండ చెవి గోక్కునేవాడు. టూల్ బ్యాగ్‌లో టెస్టర్ ఎక్కడుందో అతనికి చూడకుండానే తెలుసు. బావ భుజం మీద చెయ్యేసినప్పుడల్లా అది గుర్తొచ్చేది. మెడ మీద ఎక్కడ గుచ్చాలో కళ్ళు వద్దన్నా లెక్కకట్టేవి. ఆ లెక్క అక్క ముఖం దగ్గరికి వచ్చి ఆగిపోయేది.

ఒకరోజు మీగడ గదిలో బల్బు మార్చాలని పిలిచింది. నిచ్చెన తెచ్చేసరికి తలుపు ఓరగా ఉంది. అద్దం ముందు కూర్చుని ఫేస్‌ప్యాక్ డబ్బాలోంచి చెంచాతో గోధుమరంగు పొడి తీసి, మొహానికి కాదు, నోట్లో పోసుకుంటోంది. నీళ్ళు తాగింది. మళ్ళీ ఇంకో చెంచా.

తొండని చూసి ఉలిక్కిపడింది, కానీ నవ్వు తడబడలేదు. "ఆడవాళ్ళ సౌందర్య రహస్యాలు చూడకూడదు మెకానిక్ గారూ."

"లోపల్నుంచి పూసుకుంటారేంటి మేడమ్?"

"అసలైన అందం లోపలిదే కదా."

బల్బు మార్చి దిగేటప్పుడు ఆమె చూడకుండా వేలితో కాస్త పొడి తీసి నాలిక మీద వేసుకున్నాడు. ఉత్త తవుడు. వచ్చేవాటికి అన్నిటికీ పొట్టు తీయించిన మనిషి, గదిలో దాక్కుని పొట్టు తింటోంది. ఎందుకో అంతు చిక్కలేదు. పన్నులో ట్రాన్స్‌మిటర్ మూగది. ఫోన్‌లో చెబుదామంటే అది హాల్లో, అందరి ఎదుటా. చెప్పినా ఏమని చెప్పాలి, మన ఏజెంట్ తవుడు తింటోందనా?

ఆ మర్నాడు మధ్యాహ్నం భోజనంలో కస్టర్డు వచ్చింది. మామూలుకంటే చిక్కగా, కమ్మగా ఉంది. నలుగురూ ఆవురావురుమని తిన్నారు. మీగడ ముట్టలేదు, తలనొప్పి అంది. కానీ గదిలోకి పోలేదు. గోడకానుకుని నిలబడి, బావ పెదాల్ని చూస్తోంది. తర్వాత పొడుగాయన పెదాల్ని. పొట్టాయన పెదాల్ని. మందులపెట్టె మీద ఆమె చెయ్యి బిగుసుకుని ఉంది.

"ఎక్స్‌రే మెషిన్‌లాగా చూస్తారేం మేడమ్, ఇంకో కప్పు ఇప్పించండి," అన్నాడు బావ.

ఆమె ముఖంలో రంగు పోయింది. అతనికేం కాలేదు. ఎవరికీ ఏం కాలేదు.

అప్పుడే తొండ నాలిక కింద చీమలు పాకడం మొదలైంది.

పెదాలు బరువెక్కాయి. అరచేతుల్లో పగుళ్ళు నిప్పులా మండాయి. మెడ మీదికి దద్దుర్లు ఎగబాకుతున్నాయి. ఫైల్లో చూసిన కొరియర్ ఫోటో కళ్ళముందు నిలిచింది. ఉబ్బిన పెదాలు, మూసుకుపోయిన కళ్ళు. తలుపు లోపల్నుంచే తెరుచుకుంటుంది. ఇప్పుడు అర్థమైంది. తాళంచెవి ఎవడి జేబులోనూ లేదు. ఎవడో ఒకడి గొంతులో ఉంది. తన గొంతులో.

మీగడ కూడా చూసింది. ఒక్క క్షణం. ఆపైన గిరుక్కున తిరిగి హాల్లో ఫోన్ వైపు నడిచింది.

ఆమె ఫోన్ ఎత్తితే తలుపు తెరుచుకుంటుంది. స్ట్రెచర్లతో వచ్చేది వలయం మనుషులు. తొండకి ఊపిరి వస్తుంది, బావ పోతాడు. పోకుండా ఆపాలంటే టెస్టర్. ఉబ్బిన చెయ్యి టూల్ బ్యాగ్‌లోకి వెళ్ళింది. వేళ్ళకి టెస్టర్ తగిలింది. నున్నటి పిడి. దాని పక్కనే కటింగ్ ప్లయర్.

ప్లయర్ తీశాడు.

ఆమె రిసీవర్ ఎత్తి "గేట్..." అనేలోపు, తొండ గోడకి అడ్డంపడి, వైరు దవడల మధ్య పెట్టి నొక్కాడు. టప్‌మంది. ఆమె చేతిలో రిసీవర్, అవతల మౌనం.

"పిచ్చివాడా!" అంది మీగడ. మొదటిసారి ఆ గొంతులో అత్తరు లేదు. "నువ్వు చస్తావు!"

తొండ గోడకి జారి కూలబడ్డాడు. ఛాతీ పైకి లేస్తోంది, గాలి మాత్రం లోపలికి పోవడం లేదు. సూది బెజ్జంలోంచి ఏనుగుని లాగుతున్నట్టుంది. వేలెత్తి మందులపెట్టె చూపించాడు.

బావ పరుగెత్తుకొచ్చి తల ఒళ్ళో పెట్టుకున్నాడు. "ఒరేయ్! ఏమైందిరా? ఒరేయ్, మీ అక్కకి ఏం చెప్పాలిరా నేను!"

పొట్టాయన తలుపు బాదుతున్నాడు. అడుగు మందం ఇనుము. చప్పుడు కూడా బయటికి పోదు.

మీగడ తెగిన వైరుని చూసింది, తలుపుని చూసింది, నీలంగా మారుతున్న మొహాన్ని చూసింది. తలుపు ఇక తెరుచుకోదు. ఈ మనిషి చావు ఇప్పుడు ఎవరికీ పనికిరాదు. తొండ కళ్ళముందు ట్యూబ్‌లైట్ చివర్లనుంచి నల్లబడుతూ వచ్చింది, నడిమధ్య ఒక్క చుక్క మిగిలింది.

తొడలో ఏదో పోటు పొడిచినట్టు దిగింది.

"అడ్రినలిన్," అంటోంది ఎవరో, చాలా దూరం నుంచి. "కాళ్ళు ఎత్తి పట్టుకోండి. పట్టుకోండి!"

గాలి వచ్చింది. ముందు దారప్పోగంత. తర్వాత తాడంత. తర్వాత బొబ్బరిస్తూ ఒక్కసారిగా.

ఒళ్ళంతా వణుకు పుట్టింది. "చలి," అన్నాడు తొండ. బావ లేచి వెళ్ళి ఏసీ కట్టేసి, దుప్పటి తెచ్చి కప్పాడు. ఆ తర్వాత మీగడ వైపు తిరిగాడు. జీవితంలో ఎవర్నీ కొట్టని మనిషి. పిడికిళ్ళు మాత్రం బిగిశాయి.

"చెప్పు. ఏం పెట్టావు మాకు?"

"విషం కాదు." ఆమె నేలమీద కూర్చుండిపోయింది. లిప్‌స్టిక్ చెదిరిపోయి ఉంది. "వేరుశెనగ. అంతే. మన పేగుల్లో కోటానుకోట్ల బ్యాక్టీరియా ఉంటుంది. దాని తిండి పీచు. మనకి అరగని పొట్టు, తొక్క, తవుడు. అది తిని, బదులుగా కొన్ని ఆమ్లాలు తయారుచేసిపెడుతుంది. పేగు గోడని గట్టిగా ఉంచేవి అవి. వచ్చింది తిండే, శత్రువు కాదు అని ఒంట్లో కాపలావాళ్ళకి నచ్చజెప్పేవీ అవే. పీచు ఆపేస్తే ఆ బ్యాక్టీరియా మాడిపోతుంది. మిగిలింది ఆకలికి పేగు లోపలి జిగురుపొరనే కొరుక్కుతింటుంది. పైనుంచి నా యాంటీబయాటిక్. గోడ పల్చబడింది, కాపలావాళ్ళు బెదిరిపోయి ఉన్నారు. అప్పుడు ఆ క్రీమ్. అందులో పచ్చి వేరుశెనగ నూనె. పగిలిన చర్మం దారిన వచ్చినదాన్ని ఒళ్ళు దొంగ కింద లెక్కేస్తుంది. ఆ దొంగే ఒకరోజు కస్టర్డులో, నోటి దారిన వస్తే..."

"అందుకా నువ్వు తవుడు తిన్నావు," అన్నాడు తొండ. గొంతు గరగరలాడింది.

"మీ కొరియర్ మీద ముందు పరీక్షించారు, కడుపునొప్పికి పథ్యమని వేరుశెనగలు మాన్పించి, ఇదే తిండి, ఇవే మందులు నెలల తరబడి పెట్టి. అందరికీ పనిచెయ్యదు. కొందరికే. తలుపు తెరవడానికి ఒక్కడు చాలు." బావని చూసింది. "నలుగురిలో ఇద్దరైనా పడాలి. మీ ముగ్గురూ ఒకే తిండి తిన్నారు, అదే మాత్ర, అదే క్రీమ్. మీకెందుకేం కాలేదు? ఎక్కడ తప్పాను?"

బావ, పొడుగాయన, పొట్టాయన ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"చీటీలు," అన్నాడు పొట్టాయన నెమ్మదిగా.

"మా గదిలో చిత్తుబుట్ట ఉండదమ్మా," అన్నాడు బావ. "లెక్క కట్టిన చిత్తు చీటీ అక్కడికక్కడే నమిలి మింగాలి. మా గురువుల కాలం నుంచీ అంతే. బార్లీ తవుడు, అరటి దూట కలిపి ఆ కాగితం ప్రత్యేకంగా చేయిస్తారు. రోజుకి ఒక కట్ట మింగుతాం. అది కూడా రహస్యమే కాబట్టి నీకు చెప్పలేదు."

మీగడ నవ్వబోయింది. నవ్వు సగంలో ఏడుపయింది. "నా కూతురికి పాలు పడవు. చెంచాడు తాగితే ఇలాగే. దాన్ని బాగుచేయాలని మొదలుపెట్టాను ఈ పరిశోధన. పేగుల్లోకి మంచి బ్యాక్టీరియాని తిరిగి తెచ్చి, పీచు పెట్టి పోషిస్తే పిల్లలకి ఎలర్జీ తగ్గుతుందేమోనని. డబ్బు వాళ్ళిచ్చారు. తర్వాత పిల్లని తమ క్లినిక్‌లో పెట్టుకున్నారు. మీ బాస్‌కి నేను మన మనిషిని. వాళ్ళకి నేను వాళ్ళ మనిషిని. నా బిడ్డకి మాత్రం నేనేమీ కాను. కళ్ళారా చూసి ఏడాది దాటింది."

 ఫ్యాన్ లేని నిశ్శబ్దంలో, గాలి గొట్టంలోంచి సన్నగా ఒక చప్పుడు వచ్చింది.

సైరన్.

దగ్గరికొచ్చి, ఆగింది. కస్టర్డులో వేరుశెనగ కలిపి పంపినవాళ్ళు గేటు నుంచి కబురు వచ్చేదాకా ఆగలేదు. తలుపులు దబదబా తెరుచుకున్నాయి.

"పేషెంట్ ఎక్కడ? తొందరగా గేటు తీయండి!"

"ఏ పేషెంట్?" గార్డు గొంతు.

"కింద సెల్లార్‌లో! ప్రాణం మీదికొచ్చింది!"

"నీకెవరు చెప్పారు? కిందనుంచి మాకు ఫోనే రాలేదే. లైను కూడా పనిచెయ్యట్లేదు."

"లైను పోయిందంటేనే తెలీట్లేదా? మనిషి చస్తే నీ పీకకి చుట్టుకుంటుంది. తియ్యి!"

 తాళాల గుత్తి గలగలలాడింది. పాపం గార్డు. పీకకి చుట్టుకుంటుందంటే భయపడని ఉద్యోగి ఏ దేశంలో ఉంటాడు?

తొండ లేవబోయాడు. లేవలేక పక్కకి ఒరిగాడు. కేక వేయబోయాడు. కీచుమన్న గాలి తప్ప మాట రాలేదు. బావ గొట్టం వైపు పరుగెత్తాడు గానీ, మీగడ అప్పటికే అక్కడ ఉంది. గొట్టానికి రెండు చేతులూ ఆనించి, తల వెనక్కి తిప్పి తొండని చూసింది. ఇక్కడ పేషెంట్ ఉన్నాడని ఒక్క మాట అరిస్తే చాలు. ఆమె కూతురు ఆమెకి దొరుకుతుంది, బావ వాళ్ళకి దొరుకుతాడు. తొండ చెయ్యి టూల్ బ్యాగ్ దాకా పాకలేదు. పాకే ప్రయత్నమూ చెయ్యలేదు. ఆమెనే చూస్తూ ఉండిపోయాడు.

పైన మొదటి గడియ జారింది.

"గార్డ్!" గొట్టం అదిరిపోయేలా అరిచింది మీగడ. "తలుపు తియ్యొద్దు! మేం పిలవలేదు! ఆ అంబులెన్స్‌ని పోనివ్వకండి, నా కూతురు ఎక్కడుందో వాళ్ళకి తెలుసు!"

పైన బూట్ల పరుగు. ఒక తుపాకీ పేలుడు. తిట్లు. ఇంజన్ గర్జించి, ఏదో గోడని ఢీకొని ఆగిపోయింది. జారిన గడియ మళ్ళీ దాని చోట్లో పడింది. ఆ చప్పుడు తొండ చెవికి అంత తియ్యగా ఏనాడూ వినబడలేదు.

పిల్ల దొరికింది. అంబులెన్స్ డ్రైవర్ రెండు దెబ్బలకే క్లినిక్ అడ్రస్ కక్కేశాడు. హోటల్లో పేపర్ చదివిన పెద్దమనిషి అక్కడే దొరికాడు. మీగడని అరెస్టు చేశారు గానీ, బయటికి తేవడానికి రూల్ ఒప్పుకోలేదు. తొండకి ప్రాణాపాయం తప్పింది కాబట్టి అతన్ని తేవడానికీ ఒప్పుకోలేదు. డాక్టర్ గొట్టంలోంచే నాడి ఎలా ఉందని అడిగాడు. కోడ్ పూర్తయ్యేదాకా, చంపబోయిన మనిషీ, చావబోయిన మనిషీ ఒకే టేబుల్ మీద తొక్కలున్న బంగాళాదుంపలు తిన్నారు.

తలుపు తీసిన రోజు అక్క గేటు దగ్గరికి వచ్చింది. మొగుడి పక్కన ఎడం చెవి గోక్కుంటున్న బట్టతల మెకానిక్‌ని చూసి, దగ్గరికొచ్చి, మీసం పట్టుకుని పీకింది. అది ఊడొచ్చాక, చెవి పట్టుకుంది. ఏడుస్తూనే తిట్టింది, తిడుతూనే ఏడ్చింది.

మెడల్ బాస్‌కి వచ్చింది. తొండకి మాత్రం పైనుంచి మెమో. సర్కారు వారి ఫోన్ వైరు తెంపినందుకు సంజాయిషీ ఇవ్వాలని.

"ఏదో ఒకటి చెప్పవయ్యా, ఫైలు మూసేస్తాను," అన్నాడు బాస్ పెన్ను తెరిచి.

"రాసుకోండి సార్," అన్నాడు తొండ. "ఆ సమయంలో నాకు గొంతు పెగల్లేదు. మాట్లాడలేనివాడికి ఫోన్ దేనికని తీసేశాను."